బాడుగ కారు: ముందు సీటు మాట, వెనుక సీటు మాట

పెండ్లికో, తిరుపతి మ్రొక్కునకో, పుట్టింటి ఊరి జాతరకో బాడుగ కారు మాటాడుకొనని కుటుంబము మన సంఘమున ఉండదు. మూడు నాలుగు తరములుగా బెంగుళూరే మన ఊరైనను, మన చుట్టరికములు కోలారు, మదనపల్లె, చిత్తూరు, హిందూపురము దిక్కుల అల్లుకొనియున్నవి. బస్సులున్నవి, రైళ్ళున్నవి. కాని మోకాళ్ళ నొప్పుల అవ్వను, పాలు మరువని పాపను, సారె సామానులను వెంటబెట్టుకొని పోవునపుడు వాకిటి ముందరికి వచ్చి నిలుచు కారునకు సాటి లేదు. అందుచేతనే తలిదండ్రుల సమావేశము ముగిసి కాఫీ త్రాగువేళ, పిల్లల మార్కుల ప్రస్తావన తరువాత తరచుగా వినవచ్చు ప్రశ్న ఇది: "ఏ బండి మాటాడితే బాగుంటుందండీ?"

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పదగినవారు డ్రైవర్లే యని తలచి, గడచిన కొన్ని మాసములుగా మేము కనబడిన డ్రైవరునెల్ల పలుకరించుచు వచ్చితిమి. మన పాఠశాలకు బిడ్డలను పంపు తండ్రులలోనే కారు నడిపి జీవించువారు కొందరున్నారు. వారితో మొదలిడి, రైల్వే స్టేషను ముందర వేచియుండువారితోను, కల్యాణమంటపముల వెలుపల స్టీరింగు మీద తల వాల్చి కునుకు తీయువారితోను మాటాడితిమి. దీనికి మమ్ము పురికొల్పినది వట్టి కుతూహలము కాదు. మా స్వానుభవమైన ఒక ప్రయాణము.

క్రిందటి సంవత్సరము పద్యపఠన పోటీకై పదునొకండుగురు పిల్లలను తిరుపతికి తీసికొనిపోయితిమి. మేము పెద్దవారము ముగ్గురము. రెండు బండ్లు మాటాడితిమి. "కొత్త బండి సార్, పరుపు మీద కూచున్నట్టుంటాది" అని డ్రైవరు చెప్పెను. చిన్నవారు చిన్న చోటున ఇముడుదురని, మూడవ తరగతి పిల్లలు ముగ్గురిని చిట్టచివరి వరుసలో కూర్చుండబెట్టితిమి. కోలారు దాటువరకు పాటలు, కేకలు. పలమనేరు దాటి మొగిలి కనుమ మలుపులు మొదలిడగనే వెనుకనుండి సద్దు అణగిపోయెను. ఇద్దరు పిల్లలు వాంతి చేసికొనిరి. మూడవవాడు ఏడ్చెను. పోటీలో వారు పద్యములు మరచిపోయిరన్న ఆశ్చర్యమేమున్నది?

అంతకంటె పెద్దది తిరుగు ప్రయాణమున జరిగినది. రాత్రి చాల ప్రొద్దు పోయినది. చిత్తూరు దాటినాము. డ్రైవరు వెనుక సీటులోనున్న ఎనిమిదవ తరగతి బాలిక మా చెవిలో మెల్లగా, "సార్, అద్దంలో చూడండి, ఆయన కళ్ళు మూతలు పడుతున్నాయి" అనెను. చూచితిమి. నిజమే. కనుమ ఎక్కకముందే ఒక టీ అంగడి యొద్ద ఆపించి అడుగగా, ముందటి రాత్రి మైసూరునుండి పెండ్లివారిని దింపి, ఇంటికి పోకయే తెల్లవారుజామున మా పాఠశాల గేటునకు వచ్చితినని అతడు ఒప్పుకొనెను. రెండు రాత్రులలో అతడు నిదురించినది మూడు గంటలు. ఆ టీ అంగడి బల్లమీద అతనిని పడుకొనబెట్టి, మేము రెండు గంటలు కాచుకొని కూర్చుంటిమి. పిల్లలు ఆలస్యముగా ఇండ్లు చేరిరి. తలిదండ్రులు కొందరు కోపించిరి. బండి ఏ సంవత్సరపుదో, ఏసీ ఉన్నదో లేదో, కిలోమీటరునకు ఎంతో అన్నియు అడిగితిమి గాని, "నిన్న రాత్రి నిదురించితివా?" యని మేము అతనిని ఒక్కమారైనను అడుగలేదు.

ఆ డ్రైవరు మాతో అబద్ధమాడినాడని అనలేము. పరుపు మీద కూర్చున్నట్లే యుండునన్న మాట అతని సీటు వరకు నిజము. కారు బాగోగులను గూర్చి డ్రైవరు చెప్పునది సాధారణముగా సత్యమే. కాని అది ముందు సీటు సత్యము. వెనుక కూర్చుండువాడు దానిని తన సీటునకు అనువదించుకొనవలెను. ఆ అనువాదము ఎట్లు చేసికొనవలెనో చెప్పుటకే ఈ వ్యాసము.

మొదట తెలిసికొనవలసినది, బండి ఎవరిదని. స్వంత బండి నడుపువానిని అడిగినచో అతడు చెప్పు "మంచి బండి" అనగా కంతులు తీరువరకు తొందర పెట్టనిది, డీజిలు తక్కువ త్రాగునది, విడిభాగములు ప్రతి ఊరిలోను దొరకునది, అయిదారేండ్ల తరువాత అమ్మినను మంచి వెల వచ్చునది. జీతమునకు నడుపువానికి ఈ లెక్కలతో పని లేదు. అతనికి మంచి బండి యనగా క్లచ్చి తేలికగా నుండునది, నడుము పట్టివేయనిది, ఎండలో ఏసీ త్వరగా చల్లబరచునది. బెంగుళూరు రద్దీలో దినమునకు వేలమార్లు క్లచ్చి త్రొక్కువాని మోకాలు మాట మనము త్రోసివేయదగినది కాదు. ఒకే బండిని ఒకరు పొగడి మరొకరు తెగడిన, ఇద్దరును నిజమే చెప్పుచుండవచ్చును. ఈ రెండు లెక్కలలోను మూడవ వరుసలోని పిల్లవాడు లేడు.

మనలో పెద్దవారికి బాడుగ కారనగా అంబాసిడరు. 1950ల చివర ఉత్తరపారాలో తయారగుట మొదలిడి 2014లో ఆగిపోయిన ఆ బండిని తలచుకొన్నపుడు ముసలి డ్రైవర్ల ముఖములు వికసించును. ముందు సీటు ఒకే పొడవైన బల్ల. గేరు స్టీరింగు ప్రక్కన నుండుటచే ముందర ముగ్గురు కూర్చుండెడివారు. ఎత్తైన పైకప్పు, సోఫావంటి వెనుక సీటు, గుంతలను లెక్కచేయని బరువు. ఆ సుఖము కల్పితము కాదు. తలపాగాతో కూర్చున్నను పెండ్లికుమారునకు తల తగిలెడిది కాదు. కాని ఆ స్టీరింగు త్రిప్పుటకు పట్టిన భుజబలమును, కనుమ దిగునపుడు బ్రేకులను గూర్చిన భయమును వారు అంతగా చెప్పరు. ఒక వృద్ధుడు మాత్రము నవ్వి, "అంబాసిడర్ ఎక్కినోళ్ళకి సుఖం సార్, తోలినోడికి కసరత్తు" అనెను.

తరువాతి కథ మన ఊరి చెంతనే నడచినది. మైసూరు త్రోవలోని బిడదిలో టయోటా కిర్లోస్కరు వారి కర్మాగారమునుండి 2000లో క్వాలిస్ వచ్చెను. చూపునకు పెట్టెవలె నుండెడిది. అయినను ఎనమండుగురిని, వారి మూటలను మోసికొని అలుపులేక తిరిగెను. అది బాగుగా అమ్ముడుపోవుచుండగనే దానిని నిలిపివేసి, 2005లో ఇన్నోవాను తెచ్చిరి. ఆనాడు డ్రైవర్లు పెదవి విరిచిరట. కొన్నేండ్లలోనే దక్షిణదేశమున "ఇన్నోవా" యనునది పెద్ద బాడుగ బండికి మారుపేరైనది. నేటికిని ఫోనులో "ఇన్నోవా ఉందా?" యని అడుగువారిలో పలువురి భావము "ఏడుగురు పట్టు బండి ఉన్నదా?" యనియే. వచ్చినది మరియొక బండియైన చివరకు గేటు ముందర వాదులాట.

2016లో ఇన్నోవా క్రిస్టా వచ్చినది. 2022 చివర ఇన్నోవా హైక్రాస్ వెలువడినది. క్రిస్టా కూడ అమ్మకములో కొనసాగుటచే, ఒకే పేరింటి అన్నదమ్ములవంటి ఈ రెండు బండ్లను గూర్చి డ్రైవర్లలో వాదము చెలరేగినది. మేము విన్న వాదములన్నిటిలో ఇది మిక్కిలి రసవత్తరము.

క్రిస్టా పాత పద్ధతి బండి. అడుగున నిచ్చెనవంటి ఉక్కు చట్రము. దానిమీద రబ్బరు దిమ్మలపై కారు పెట్టె కూర్చుండును. డీజిలు యంత్రము వెనుక చక్రములను త్రిప్పును. ఈ కూర్పు గట్టిది. పల్లెటూరి గుంతల త్రోవలో నిండు బరువుతో పోయినను జంకదు. "బండి నిండితేనే సార్ క్రిస్టా కూచుంటుంది, ఒంటిగా పోతే ఎగురుతుంది" అని ఒక డ్రైవరు చెప్పెను. ఇందులో శాస్త్రమున్నది. ఎనమండుగురి బరువు మోయుటకై వెనుక స్ప్రింగులను గట్టిగా చేయుదురు. ఇద్దరే యున్నపుడు ఆ స్ప్రింగు అణగదు. ప్రతి గుంతను నేరుగా నడుమునకు అందించును. ఎత్తైన బండి యగుటచే మలుపులలో పెట్టె ఇటునటు ఊగును కూడ.

హైక్రాస్ వేరు జాతి. దానికి ప్రత్యేకమైన చట్రము లేదు, పెట్టెయే చట్రము. ముందు చక్రములు త్రిప్పును గనుక వెనుకకు ఇరుసు త్రిప్పు కడ్డీ పోనక్కరలేదు. అందుచే నేల చదునుగాను, క్రిందుగాను ఉండును. ముందు వెనుక చక్రముల నడుమ దూరము క్రిస్టాలో 2,750 మిల్లీమీటర్లు, దీనిలో 2,850. ఆ నూరు మిల్లీమీటర్ల వ్యత్యాసము మోకాళ్ళకు తెలియును. హైబ్రిడ్ రకములో పెట్రోలు యంత్రమునకు విద్యుత్ మోటారు తోడగును. నెమ్మదిగా పోవునపుడు శబ్దమే యుండదు. గేరు మార్చు పని లేదు.

దూరప్రయాణముల స్వంతదారులు దీనిని అంత సులభముగా నమ్ముట లేదు. "బ్యాటరీ పోతే ఎవరు కడతారు?" అనునది వారి మొదటి ప్రశ్న. వెల ఎక్కువ, ఊరూర మరమ్మతు చేయగలవాడుండునో లేదో, లక్షల కిలోమీటర్లు తిరిగిన పాత డీజిలు బండ్లను వారు కన్నులార చూచియున్నారు, దీనిని ఇంకను చూడలేదు. ఇది మూఢత్వము కాదు, బ్రతుకు లెక్క. నగరములో తిరుగువారు మాత్రము ఎడమకాలికి విశ్రాంతి దొరకినదని దానిని దీవించుచున్నారు. రెండు బండ్లను నడపిన ఒక జీతగాని తీర్పు మాకు మిక్కిలి నచ్చినది: "నా సీట్లో నాకు పెద్ద తేడా తెలీదు సార్. వెనకాల కూచునేవాళ్ళు మాత్రం తిట్టడం మానేసినారు."

వెనుక వరుసవారు ఎందుకు తిట్టుదురో కొంచెము వివరింపవలెను. ఏలయన మన పిల్లలను మనము కూర్చుండబెట్టునది అక్కడనే. మూడవ వరుస సీటు వెనుక చక్రముల ఇరుసు మీదనో, దాని చెంతనో యుండును. ఊయల పలకకు ఏ కొనన కూర్చున్న ఊపెక్కువో పిల్లలందరికిని తెలిసినదే. డ్రైవరు రెండు ఇరుసుల నడుమ కూర్చుండును. చివరి వరుసవారు ఊపు కొనన కూర్చుందురు. పైగా ఆ సీటు నేలకు దగ్గర. మోకాళ్ళు గడ్డము వరకు లేచి తొడలకు ఆధారముండదు. అద్దము తెరచుకొనదు. ముందరి సీటు వీపు తప్ప కంటికి ఏమియు కనబడదు. కదలికను లోచెవి గ్రహించుచుండ కన్ను "కదలుట లేదు" అని చెప్పును. ఈ రెంటి వైరుధ్యమే కడుపులో త్రిప్పుటకు మూలము. డ్రైవరునకు ఇది రాదు. త్రోవ అతని కంటికెదురుగనే యున్నది, మలుపు అతని చేతిలోనే యున్నది. కనుమ దారిలో వాంతి వచ్చు స్వభావముగల బిడ్డను "చిన్నవాడు గదా" యని చివరకు తోయక, ముందరి త్రోవ కనబడునట్లు నడిమి వరుసలో కూర్చుండబెట్టుడు. ఫోను చూడనీయకుడు. చివరి వరుసకు మాబోటి అధ్యాపకులు పోవలెను. మేమిపుడు పోవుచున్నాము, నడుము నొప్పితో దిగుచున్నాము.

ఇన్నోవా బాడుగ ఎక్కువయని ఎర్టిగా మాటాడుకొనువారు పెక్కురు. 2012లో వచ్చిన ఈ బండిని స్వంతదారులు మైలేజీ కొరకు ప్రేమింతురు. నలుగురైదుగురకు అది చక్కని బండి. ఏడుగురు ఎక్కినపుడు చివరి వరుస వెనుక చోటు కొంచెమే మిగులును. సీఎన్జీ బండియైన ఆ కొంచెమును సిలిండరు ఆక్రమించును. పెట్టెలన్నియు పైకప్పు మీది క్యారియరుకు ఎక్కును. వాన వచ్చిన పట్టుచీరల గతి మీకు తెలియును. కావున "ఎందరు పట్టుదురు?" అని కాక, "అందరు ఎక్కిన తరువాత ఎన్ని పెట్టెలు పట్టును?" అని అడుగుట మేలు.

డిక్కీ కథ చిన్న కార్లలో ఇంకను విచిత్రమైనది. 2006 నుండి ప్రభుత్వము నాలుగు మీటర్లకు మించని పొడవు, చిన్న యంత్రము గల కార్లకు పన్ను తగ్గించినది. 2008లో వచ్చిన స్విఫ్ట్ డిజైరు పొడవు 4,160 మిల్లీమీటర్లు. 2012 నాటి రూపము 3,995. తరిగినదంతయు వెనుకభాగముననే. 440 లీటర్ల డిక్కీ 316 లీటర్లయ్యెను. తరువాతి రూపములలో కొంత పెరిగి, 2024 నాటిదానిలో 382 అయినది. ఒక పన్ను నియమము మన పెట్టెలను ఒడిలోనికి తెచ్చినదన్నమాట! బిడదిలోనే తయారై 2020లో ఆగిపోయిన ఎటియాసును డ్రైవర్లు ఇప్పటికిని తలచుకొనుట ఇందువలననే. దాని డిక్కీ 590 లీటర్లకు పైబడినది. విమానాశ్రయమునకు పోవు కుటుంబము సామానంతయు అందులో మునిగిపోయెడిది. డిజైరులో సీఎన్జీ సిలిండరు అమర్చిన బండి వచ్చిన, రెండు సంచులకంటె పెద్దగా పట్టవు. 2023 నుండి కొన్ని కార్లలో ఒక పెద్ద సిలిండరునకు బదులు రెండు చిన్నవానిని డిక్కీ నేల క్రింద అమర్చుట వచ్చినది. అట్టిదా కాదా యని ముందే అడిగి తెలిసికొనవచ్చును. ఇంతకును ఆ 2024 డిజైరు గ్లోబల్ ఎన్‌క్యాప్ వారి ఢీకొను పరీక్షలో పెద్దవారి రక్షణకు అయిదు నక్షత్రములు పొందినదని చెప్పుట న్యాయము. మన దేశమునకే ప్రత్యేకించిన భారత్ ఎన్‌క్యాప్ పరీక్ష 2023 అక్టోబరున మొదలైనది. సుఖమును గూర్చి గంటసేపు మాటాడిన డ్రైవర్లలో ఈ నక్షత్రముల ప్రస్తావన తమంత తాముగా తెచ్చినవారు మాకు కనబడలేదు. మేము అడుగలేదు గనుక వారు చెప్పలేదేమో.

విద్యుత్ కార్లను గూర్చి ఒక మాట. పచ్చని పలకమీద పసుపుపచ్చని అక్షరములున్న బాడుగ కార్లను మీరు చూచియుందురు. నడపువారు వీనిని మెచ్చుకొనుచున్నారు: సద్దు లేదు, అదురు లేదు, క్లచ్చి లేదు. "సాయంత్రం ఇంటికి పోతే పిల్లోళ్ళతో మాట్లాడే ఓపిక ఉంటుంది సార్" అని ఒకడు చెప్పినది మమ్ము కదలించినది. వారి గోడు ఛార్జింగు దగ్గర కాచుకొను వేళను గూర్చియే. వెనుక కూర్చుండువారి గోడు వేరు. కాలు తీసిన వెంటనే బండి తనంతట తానే వేగము తగ్గి, ఆ శక్తిని బ్యాటరీకి మరలించుకొనును. కాలు మెదపుట నేర్చినవాడు నడపిన ఇది తెలియదు. నేర్వనివాడు నడపిన బండి తల ఊపుచున్నట్లు ముందుకు వెనుకకు కదలి, కడుపులో త్రిప్పును. బ్యాటరీ నేల క్రింద నుండుటచే కొన్నిటిలో నేల ఎత్తై మోకాళ్ళు పైకి లేచును. ఎక్కి కూర్చుండి చూచిన తప్ప ఇది తెలియదు.

ఎక్కి కూర్చుండి చూచునపుడే మరి రెండు విషయములు గమనింపుడు. మొదటిది టైర్ల గాలి. మైలేజీ కొరకు గాలి నిర్ణీతముకంటె ఎక్కువ కొట్టించు అలవాటు కొందరికున్నది. చక్రము రాయివలె నగును. త్రోవలోని ప్రతి గులకరాయి వెన్నుపూసకు తెలియును. బ్రేకు వేసినపుడు పట్టును తగ్గును. ఎంత గాలి యుండవలెనో డ్రైవరు తలుపు తెరచిన అంచున అంటించిన చీటిలో వ్రాసియుండును. బండి కుదుపును గూర్చి మీరు చేయు ఫిర్యాదులలో కొన్ని పెట్రోలు బంకులోనే తీరిపోవును, రూపాయి ఖర్చు లేక.

రెండవది సీటు తొడుగులు. బండి కొన్ననాడే స్వంతదారు దానికి మందమైన రెక్సిను తొడుగులు వేయించును. మురికి అంటదు, వాంతియైనను తుడిచివేయవచ్చును. అతని కోణమున అది తెలివియే. కాని వెనుక సీటు బెల్టుల కొక్కెములు ఆ తొడుగుల అడుగున పూడిపోవును. సీటు ప్రక్కనుండి తెరచుకొను గాలిసంచికి కూడ అది అడ్డు. మేమెక్కిన బండ్లలో వెనుక బెల్టు ఎక్కడనున్నదని అడిగిన, "అది ఎవరూ వేసుకోరు సార్" అను సమాధానమే తరచుగా వింటిమి. 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ దగ్గర జరిగిన ప్రమాదమున మరణించిన పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ వెనుక సీటులో బెల్టు లేక కూర్చున్నవారని దేశమంతయు చదివినది. కారు మంచిదే, వెనుక సీటు కూడ కారులోనిదే యని మనము మరచితిమి. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ప్రకారము పదునాలుగేండ్లలోపు బిడ్డను బెల్టుతోగాని, పిల్లల ప్రత్యేక సీటుతోగాని భద్రపరుపనిచో వేయి రూపాయల జరిమానా కలదు. బెల్టు పెట్టుకొనకున్న మ్రోగు గంటను మోయనీయక ఉత్త కొక్కెము దూర్చు మోసపు సామగ్రి అమ్మకమును 2023లో వినియోగదారుల రక్షణ అధికారసంస్థ అడ్డుకొన్నది. అట్టి కొక్కెము కనబడిన బండి ఎక్కక మరియొక బండి చూచుకొనుట ఉత్తమము.

పలక రంగు చూచుట కూడ మరువకుడు. పసుపు పలకపై నల్లని అక్షరములు బాడుగ బండికి గుర్తు. నల్ల పలకపై పసుపు అక్షరములు మనమే నడుపుకొను బాడుగ కారునకు. తెల్ల పలకది ఇంటి కారు. తెలిసినవారి తెల్ల పలక కారును నాలుగు రూపాయలు తక్కువయని బాడుగకు తీసికొనిపోవుట మనలో ఉన్నదే. ప్రమాదము జరిగిననాడు బీమావారు నష్టపరిహారమునకు అడ్డు చెప్పుటకు ఆ తెలుపే కారణము కాగలదు.

ఇక మొదట చెప్పిన నిద్ర సంగతి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము, 2025లో రద్దగువరకు, డ్రైవరునకు దినమునకు ఎనిమిది గంటలు, వారమునకు నలువదియెనిమిది గంటలు పనివేళగా నిర్ణయించియుండెను. అయితే ఆ చట్టము అయిదుగురు, అంతకుమించి పనివారు గల సంస్థలకు వర్తించెడిది. ఒక్క బండి పెట్టుకొని తానే నడుపుకొనువాడు ఆ లెక్కలోనికి వచ్చెడివాడు కాడు. అతడు తనకు తానే యజమాని. అతని కంతు అతనికి యజమాని. మన బేరము కూడ అతని నిద్రనే కోయుచున్నది. దినమునకు ఇన్ని కిలోమీటర్లని కనీసపు బాడుగ కట్టుదురు గదా. ఇక్కడినుండి తిరుపతి ఇంచుమించు 250 కిలోమీటర్లు. రెండు దినముల బాడుగ యెందుకని రాత్రి రెండు గంటలకు బయలుదేరి, దర్శనము చేసికొని, అదే రాత్రి తిరిగివచ్చునట్లు ఏర్పాటు చేసికొందుము. మనము బండిలో నిదురింతుము, క్యూలో కూర్చుండి కునుకుదుము. అతడో? కొండమీద నిలుపుచోటున ఎండకు కాగుచున్న కారులో, "బండి తియ్యి" అను కేకల నడుమ కన్ను మూయవలెను. పెండ్లియైన, ఆఖరి పంక్తి లేచిన తరువాత అతనికి ఆకు వేయుదురు.

తిరుమల కనుమ దిగుటను గూర్చి అనుభవజ్ఞుడొకడు చెప్పినది వినదగినది. క్రొత్త బండి, మంచి బ్రేకులు అని నమ్మి ప్రతి మలుపున బ్రేకు త్రొక్కువాడు బ్రేకును కాల్చివేయును; కాలిన బ్రేకు పట్టదు. చిన్న గేరులో యంత్రము చేతనే వేగము ఆపించుకొనుచు దిగవలెను. నిర్ణీత సమయముకంటె ముందు దిగినవారికి దండనయున్నది కూడ. ఏ గేరులో దిగవలెనో తెలిసికొని మెలకువతో నుండుటకు నిదురించిన తల కావలెను. తెల్లవారుజామున రెండు మొదలు అయిదు వరకు మనుష్యదేహము నిద్రను కోరునట్లు పుట్టినది. దానిని టీ కొంతసేపు మాత్రమే వాయిదా వేయును. డ్రైవరు అద్దము దింపి చలిగాలికి ముఖమొగ్గినను, చెంపలు కొట్టుకొనినను, ఊరక పాట బిగ్గరగా పెట్టినను, అది హుషారు కాదు. అప్పుడు బండి ప్రక్కకు తీయించి ఇరువది నిమిషములైనను పడుకొననీయవలెను. "నాకేం కాదు సార్" అనును. అననిండు.

మేమిపుడు బండి మాటాడునపుడు ఆ డ్రైవరుతోనే ఫోనులో మాటాడుచున్నాము. ముందటి రాత్రి ఎక్కడ పడుకొందువని అడుగుచున్నాము. మొదట కొందరు నొచ్చుకొనిరి. పోలీసువానివలె అడుగుచున్నామని ఒకడు నవ్వెను. మరియొకడు కొంతసేపు పలుకక, "ఇన్నేళ్ళలో ఈ మాట అడిగినోళ్ళు లేరు సార్" అనెను. ఆ రాత్రికి తనకు వేరొక బేరమున్నదని చెప్పి, తన తమ్ముని పంపెను.

ఈ సంవత్సరము ఉన్నత తరగతుల పిల్లలను హంపికి తీసికొనిపోవుటకు నిశ్చయమైనది. ఒక రాత్రి అక్కడ నిలుతుము. డ్రైవర్లకు బత్తెముతోపాటు పడకకు ఒక గది కూడ కార్యవర్గము మంజూరు చేసినది. దానిని లెక్కల పుస్తకమున ఏ పద్దు క్రింద వ్రాయవలెనని మన కోశాధికారిగారు కలము పట్టుకొని కొంతసేపు ఆలోచించిరి; తుదకు "వాహన సౌకర్యములు" అని వ్రాసికొనిరి.